ముప్పై నాలుగు అంగుళాల అనుమానం

మా తమ్ముడు యల్లమంద పెళ్ళానికి సినిమా చూపిస్తానన్నాడని ఎవరైనా చెబితే, నేనైతే ముందు బీరువా తాళాలు సరిచూసుకుంటాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో వాడు రేవతిని సినిమాకు తీసుకెళ్ళింది రెండుసార్లు. మొదటిసారి టికెట్లు దొరకలేదు. రెండోసారి దొరికాయి గానీ, పత్తి లారీ వచ్చిందని ఫోనొస్తే సగంలో లేచిపోయాడు. ఆ పిల్ల ఒక్కతే ఆటో ఎక్కి ఇంటికొచ్చింది.

అలాంటివాడు ఒక గురువారం పొద్దున ఉప్మా తింటూ గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, నీకో పెద్ద తెర కొందామనుకుంటున్నా."

రేవతి చేతిలో గరిట గాల్లోనే ఆగింది.

"ఏం తెర?"

"కంప్యూటర్ తెర. మానిటర్ అంటారు. ముప్పై నాలుగు అంగుళాల వెడల్పుది. సినిమా వేస్తే పైనా కిందా ఆ నల్ల పట్టీలు ఉండవంట. హాల్లో కూర్చున్నట్టే ఉంటదంట. నువ్వు హాయిగా చూసుకోవచ్చు."

"డాక్టర్ దగ్గరికి పోయొచ్చారా?"

"ఎందుకు?"

"ఏం చెప్పాడు? ఎన్నాళ్ళన్నాడు?"

"అదేం మాటే! ప్రేమగా చెబుతుంటే!"

"అందుకేగా భయమేస్తోంది," అంది రేవతి.

నేను వాడి అక్కను. మా ఆయన పోయాక నరసరావుపేటలో వీళ్ళ దగ్గరే ఉంటున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య నాది అంపైరు ఉద్యోగం. జీతం లేదు, రెండు వైపుల నుంచీ తిట్లు మాత్రం ఉంటాయి.

యల్లమంద పత్తి కొనే వ్యాపారి. ఆ వ్యాపారంలో తేమ ఉందనో, చెత్త ఉందనో రైతు తెచ్చిన తూకంలో కొంత కోసేస్తారు. దాన్ని తరుగంటారు. తరుగు తీసీ తీసీ, లోకమంతా తనకు తరుగు తీస్తోందని మావాడికి గట్టి నమ్మకం. కిలో టమాటాలు తెచ్చినా ఇంట్లో మళ్ళీ తూస్తాడు. అరడజను కోడిగుడ్లు కొంటే రెండుసార్లు లెక్కపెడతాడు. ఇక వాడి మొహంలో చెప్పుకోదగ్గది మీసం ఒక్కటే. మిగతా మొహమంతా దానికి ఊతంగా ఉంటుంది.

ఉప్మా అయ్యాక నన్ను పెరట్లోకి పిలిచాడు.

"అక్కా, నువ్వు నా పక్కన నిలబడాల."

"ముందు సంగతేందో చెప్పరా."

చెప్పాడు. రేవతి అన్న ఆంజనేయులు మాచర్లలో ఉంటాడు. బావా బావమరుదులిద్దరూ ఆదివారం నాలుగింటికి ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు కూర్చుని కారు పందేలు ఆడుకుంటారు. తొమ్మిది వారాల నుంచీ వరసగా మావాడే ఓడిపోతున్నాడు. మొన్న కారంపూడి పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర ఆంజనేయులు ఏదో అన్నాడట. మావాడు నలభైమంది ముందు మీసం మెలేసి, "వచ్చే ఆదివారం ఓడితే ఇది తీసేస్తా" అని విస్తరి ముందు నుంచి లేచాడట.

"ఓడితే ఎట్టా అక్కా? మీసం లేకుండా పత్తి యార్డుకు పోతే నన్నెవరు గుర్తుపడతారు?"

"తొమ్మిదిసార్లు ఓడినోడివి, పందెం ఎందుకు కాశావురా?"

"తప్పు నాది కాదు, తెరది. చిన్న తెరలో పక్క నుంచి వచ్చే బండి కనపడదు. వెడల్పుదైతే ముందే కనపడిద్ది. నువ్వు రేవతికి సినిమాల మాట చెప్పు చాలు. నీకు భక్తి పాటలు కూడా పెడతా."

సరేనన్నాను. వంటింట్లోకి వెళ్ళేసరికి రేవతి ఎదురుచూస్తోంది.

"వదినా, ఏందంట సంగతి?"

"సినిమాలంటమ్మా."

"నా మొహం చూసి చెప్పు."

గోడ మీది క్యాలెండర్ చూసి చెప్పాను.

"ఇంకో ఆడదేమన్నా ఉందంటావా?" అంది. మళ్ళీ తనే, "లేదులే. ఆమె ఎవరో గానీ అంత తెలివితక్కువది ఉండదు. షాపుకి నేనూ వస్తా," అంది.

సాయంత్రం ముగ్గురం షౌకత్ కంప్యూటర్ల షాపుకి వెళ్ళాం. షౌకత్ అట్టపెట్టె విప్పి తెరను బల్ల మీద నిలబెట్టాడు. మా భోజనాల బల్లంత పొడుగుంది. అది చూడగానే మావాడికి నోరూరింది. అక్కడితో ఊరుకుని కొనుక్కొచ్చేస్తే ఈ కథ ఉండేది కాదు. జేబులోంచి టేపు తీశాడు.

"ఎంతన్నావు షౌకత్ భాయ్?"

"ముప్పై నాలుగు అన్నా."

మావాడు టేపు అడ్డంగా పెట్టాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. రెండోసారి పెట్టాడు.

"ముప్పై ఒకటీ చిల్లర! మూడంగుళాలు తరుగు తీశావా? నాకే తీస్తావా తరుగు?"

"అన్నా, అట్టా కాదు. తెరను మూల నుంచి మూలకు కొలవాలి."

"చేను ఎవడైనా మూల నుంచి మూలకు కొలుస్తాడా? నీ ఇష్టమొచ్చినట్టు టేపు తిప్పి ఎక్కువ చూపిస్తే ఒప్పుకోవాలా?"

"లోకమంతా ఇట్టాగే కొలుస్తారన్నా."

"లోకాన్ని నేను నమ్మను."

షౌకత్ ఓపికగా మూల నుంచి మూలకు టేపు పట్టి చూపించాడు. ముప్పై నాలుగు సరిగ్గా వచ్చింది. మావాడు ఓడిపోయినట్టు ఒప్పుకోకుండా ఇంకో వంక వెతికాడు.

"సరే. మరి ఇదేంది, నడిమికి వంగి ఉంది? లారీలో నలిగిందా? నలిగిన సరుకుకి నిండు రేటు ఎందుకియ్యాల?"

ఆ మాటకు షౌకత్‌కు రోషం వచ్చింది.

"నలిగిందేందన్నా! నిన్న గంటసేపు ఫోన్లో అడిగింది మీరే గదా! కారు పందెంలో పక్క నుంచి వచ్చే బండి ముందే కనపడాలన్నారు. అందుకే వంపుది తెప్పించా. బొమ్మ సెకనుకు నూట నలభై నాలుగుసార్లు మారాలన్నారు. అదీ చూసి తెప్పించా. సినిమాలకైతే ఇయ్యన్నీ అక్కర్లేదు, అరవైసార్లు మారితేనే చానా ఎక్కువ. మీ ఆట కోసం నేను ఇంత తిప్పలుపడితే నలిగిందంటారా!"

మావాడి చేతిలో టేపు సర్రుమని డబ్బాలోకి వెళ్ళిపోయింది. దాని వెంట తనకూ పోవాలని ఉన్నట్టుంది వాడి మొహం.

రేవతి అరవలేదు. నవ్వింది. ఆ నవ్వు నేను ఇదివరకు మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మావాడు వారం రోజులు పచ్చడన్నం తిన్నాడు.

"షౌకత్ అన్నా, దీనికి నా ఫోన్ తగిలించుకోవచ్చా?"

"వైరొకటి ఉంటే చాలమ్మా."

"ఆ వైరు కూడా ఇవ్వండి. ఇదే తీసుకుంటాం."

ఇంటికొచ్చాక మావాడు నా చెవి దగ్గర గొణిగాడు. "అక్కా, ఆమెకు సరిగ్గా వినపడలేదేమో?"

"వినపడకేం? చెవుల్లో పత్తి పెట్టుకుని రాలేదుగా."

శుక్రవారం రేవతి ఏమీ అనలేదు. శనివారమూ అనలేదు. కాఫీలో పంచదార సరిపోయింది. కూరలో ఉప్పు సరిపోయింది. మావాడికి నిద్రపట్టలేదు. పులుసు వడ్డిస్తే ముందు నన్ను తినమని, నేను కులాసాగా ఉన్నానని తేల్చుకున్నాక తిన్నాడు.

ఆదివారం మూడున్నరకు ఆఫీసు గదిలో కొత్త తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దేవుడి బొట్టు పెట్టుకుని, చొక్కా చేతులు మడిచాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు రేవతి, వెనక పక్కింటి జుబేదా, ఆమె అత్త హజ్రా బీ. వాళ్ళ చేతుల్లో కుర్చీలు, రేవతి చేతిలో బజ్జీల పళ్ళెం.

"లెగండి. సినిమా వేస్తున్నా."

"ఇప్పుడా?"

"మరి నా కోసమేగా కొన్నారు! వీళ్ళకూ అదే చెప్పా."

హజ్రా బీ మావాడి నెత్తిన చెయ్యి పెట్టింది. "పెళ్ళానికి ఇంత పెద్ద తెర కొనిపెట్టినోడు ఈ పేటలో లేడు బిడ్డా. చల్లగా ఉండు."

తన కోసమే కొనుక్కున్నానని చెప్పాలంటే, అబద్ధమాడానని చెప్పాలి. దీవించిన మనిషి ముందు అదెలా చెబుతాడు? లేచాడు. ఊరెళ్ళే చుట్టాన్ని సాగనంపుతున్నట్టు మీసం నిమురుకున్నాడు. రేవతి ఫోనుకు వైరు తగిలించింది. సినిమా మొదలైంది.

నాలుగు కావడానికి పది నిమిషాలుంది. మావాడు కంప్యూటర్ డబ్బా, మూలన పడేసిన పాత చిన్న తెర వరండాలోకి మోసుకొచ్చాడు. పత్తి శాంపిళ్ళ బస్తా మీద నిలబెట్టి తీగలు కలిపాడు. నేను పక్కన ముక్కాలిపీట వేసుకున్నాను.

పందెం మొదలైంది. ఆ తెర మీద కార్లు చీమల్లా ఉన్నాయి. బండి ఎడమకు తిరిగితే మావాడూ ఎడమకు ఒరిగేవాడు. బ్రేకు కావాల్సినప్పుడల్లా బస్తాను తన్నేవాడు. అయినా ఆంజనేయులు ఎర్ర బండి ముందే ఉంది. ఆఖరి మలుపు వచ్చింది. మావాడి చెంపల మీద చెమట కారుతోంది. మంగలి కత్తి నూరుతున్న చప్పుడు నాకే వినపడుతున్నట్టుంది.

ఆ మలుపులో ఎర్ర బండి ఎవరో పిలిచినట్టు పక్కకు పోయి, చెట్టు కింద నింపాదిగా ఆగింది.

మావాడు దాటేశాడు. గెలిచాడు.

ఇక వాడు ఆగితేనా? ఒక్క గంతులో గదిలోకి దూకాడు. "గెలిచా! బావ మీద గెలిచా! మీసం దక్కింది!"

రేవతి సినిమా ఆపింది. జుబేదా బజ్జీ నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది.

"దేని మీద గెలిచారు?" అంది రేవతి.

"పాతదాని మీద!"

"ఆ చిన్న తెర మీదా?"

"దాని మీదే! పక్క బండి కనపడకపోయినా సరే..." అని మావాడు ఆగాడు. కొంచెం ఆలస్యంగా ఆగాడు.

"అయితే ఇంత పెద్దది మీకు అవసరం లేదన్నమాట," అంది రేవతి. "చిన్నది మీకు అచ్చొచ్చిందండీ. ఇక అదే వాడుకోండి."

హజ్రా బీ అవునవునని తలూపింది. మావాడు వరండాలోకి వెళ్ళిపోయాడు.

రేవతి ఫోనుకున్న వైరు పీకి, దాన్ని చేత్తో పట్టుకుని ఇంకో వాయి బజ్జీలు వేయడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను మంచినీళ్ళకు వెళితే ఫోన్లో మాట్లాడుతోంది.

"నా మాట నిలబెట్టావన్నయ్యా. ఆయన ఓడితే ఈ తెర కోసం రోజూ నాతో కొట్లాటే. గెలిచాడు గనక నోరెత్తడు... సరే, కోప్పడకు, నీకు గోంగూర పచ్చడి పంపిస్తాలే."

వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"వదినా, ఏమన్నా విన్నావా?"

"లేదమ్మా."

"రేపటి నుంచి నీ కుర్చీ ముందు వరసలో వేస్తా."

నేను ముందు వరస కుర్చీలకు లొంగే మనిషిని. నీళ్ళు తాగి వరండాలోకి వచ్చాను. మావాడు ఆరిపోయిన చిన్న తెర వైపు చూస్తున్నాడు.

"అక్కా, ఒక అనుమానం. బావ చెట్టు కింద బండి ఎందుకు ఆపాడంటావు?"

"నీ మీసానికి భయపడి ఉంటాడురా."

వాడు నా మొహంలోకి చూశాడు. నేను క్యాలెండర్ కోసం చూశాను, వరండాలో లేదు. లోపల సినిమా మళ్ళీ మొదలైంది. మీసం మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"చానా బాగుందా సినిమా?" అన్నాడు, నేల చూస్తూ.

"పోయి చూడు."

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకుని, చప్పుడు కాకుండా హజ్రా బీ వెనక వేసుకోబోయాడు. రేవతి తల తిప్పకుండానే అంది:

"కూర్చునే ముందు పొయ్యి మీద బజ్జీలు తిప్పి రండి. మాడిపోతాయి."