తరగని ఇంధనం

ఆ ఉదయం గురునాథం వేసుకున్న పథకం చిన్నదే. చెత్త మండాలి, ఉద్యోగం మిగలాలి. హిందీ రాష్ట్రంలో, మందిర్ హసౌద్ దగ్గర ఊరి చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటులో చెత్తగుంటకు ఆయనే ఇన్‌ఛార్జి. ఈ కరెంటును కూడా ఎండ కరెంటు, గాలి కరెంటుల సరసన 'తరగని ఇంధనం' కింద జమకట్టాలా వద్దా అని తేల్చడానికి మధ్యాహ్నం ఢిల్లీ అధికారి వస్తున్నాడు. వద్దంటే ప్లాంటు మూతే. యాభై దాటిన మనిషికి మళ్ళీ పని ఎవడిస్తాడు? పాడు వానేమో నాలుగు రోజులుగా వదల్లేదు. గుంటలో చెత్త పప్పుచారులా తయారైంది.

ఆయన ఉండే డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు కాలనీలో మన తెలుగువాళ్ళు విరిగిన పీటైనా, ఊడిన తలుపైనా పారెయ్యరు. భోగిమంటకని ఏడాది పొడుగునా దాస్తారు. గురునాథానికి అదే తట్టింది. వెంటనే భార్య రంగనాయకమ్మకు ఫోన్ చేశాడు.

"భోగికి దాచిన కర్రలన్నీ ఇచ్చేమని కాలనీలో చెప్పు. లారీ పంపిస్తన్నాను."

"అయ్యో, మరి పండక్కేటి చేస్తారండీ?"

"నా ఉద్యోగం ఉంటే కదే పండగ!"

రంగనాయకమ్మ ఆ మాట పక్కింటి అప్పలనరసమ్మ చెవిన వేసింది. అంతే! భోగికి ఎవరింటి కర్ర ఎక్కువో అని ఏటా పోటీపడే ఆడవాళ్ళు వానలోనే మొదలెట్టారు. అప్పలనరసమ్మ విరిగిన మంచం ఇస్తే, ఎదురింటి దాలమ్మ విరగని మంచం ఇచ్చింది. "మా ఇంట్లో సామాన్లకేటి కరువా?" అంటూ అప్పలనరసమ్మ చెక్క బీరువా బయటికి లాగించింది. లారీ డ్రైవర్ హేమంత్ బెదిరిపోయి గురునాథానికి ఫోన్ చేశాడు.

"సార్, మంచి సామాన్ కూడా ఇచ్చేస్తన్నారు. క్యా కరూఁ, ఏటి చెయ్యమంటారు?"

"వరండాల్లో ఏదుంటే అది ఎత్తెయ్. ఎవర్నీ అడక్కు. జల్దీ!"

హేమంత్ బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. రంగనాయకమ్మ ఆ సమయానికి వీధి చివర మంచాల తగువు తీరుస్తోంది.

మధ్యాహ్నానికి మంట భగ్గున లేచింది. అద్దాల గదిలోంచి చూసి అధికారి ముచ్చటపడ్డాడు. క్రేను గుంటలోంచి మరో పట్టు చెత్త పైకెత్తింది. అందులో ఒక పడక్కుర్చీ వేలాడుతోంది. గురునాథం అద్దానికి అతుక్కుపోయాడు. వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసిన తండ్రి చిన్నారావు పాత వ్యాగన్ చెక్కతో సొంతంగా చేసుకున్న కుర్చీ అది. కిందటేడు ఆయన అందులోనే కన్నుమూశాడు. గది కురుస్తోందని పొద్దున దాన్ని వరండాలోకి జరిపింది గురునాథమే.

"అరే, ఆ కుర్చీ బాగుందే! ఎవరిది?" అని అధికారి హిందీలో అడిగాడు.

క్రేను ఆపమంటే గుట్టు బయటపడుతుంది.

"కచ్‌రా హై సార్" అన్నాడు గురునాథం. "రోజూ వచ్చేదే."

కుర్చీ మంటల్లోకి జారిపోయింది.

జనం ఉన్నంతకాలం పారేస్తూనే ఉంటారు గనక ఇది తరగని ఇంధనమేనని అధికారి అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. "రేపట్నుంచి రోజూ ఇలాంటి చెత్తే రావాలి సుమా" అని గురునాథం భుజం తట్టి మరీ వెళ్ళాడు.

సాయంత్రం కాలనీలో సగం మంది నేలమీద చతికిలబడి ఉన్నారు. గురునాథం తడి చెప్పులతో వరండాలో నిలబడి, ఖాళీ చోటు చూడలేక గోడవైపు తిరిగాడు.

"నాన్నని చెత్తన్నానే" అని వెక్కుతూ జరిగిందంతా చెప్పాడు. "ఉద్యోగం మాత్రం నిలబడింది."

రంగనాయకమ్మ టీ గ్లాసు నేలమీద పెట్టింది.

"రోజూ వచ్చేదే అన్నారు గదా. మావయ్యగోరి కుర్చీ రేపు ఏ టైముకొస్తాదో కనుక్కోండి."