ఘని చూసొచ్చిన దీవులు

ఆ పొద్దున ఘని వేసుకున్న పథకం చిన్నదే. ఎల్లప్ప అంగట్లో టీ తాగాలి, గ్లాసు కింద పెట్టేలోపల "నేను ఓడ ఎక్కలేదప్పా" అని ఒక్క మాట చెప్పెయ్యాలి, పట్టుగూళ్ల మార్కెట్టుకు పోవాలి. నిజం చెప్పడానికి ఒక టీ తాగేంత సేపు చాలనుకున్నాడు.

అసలు చిక్కంతా పూలదండలతో వచ్చింది. తన దగ్గర పట్టుదారం కొనే మద్రాసు సేటు సంతోషం కొద్దీ అండమాన్ దీవులకు ఓడ టికెట్టు ఇప్పించాడు. అది ఎనభై మూడో సంవత్సరం. మదనపల్లెలో వాళ్ల వీధి నుంచి అంతకుముందు దీవులకు పోయినవాడు లేడు. బస్టాండుకు వీధంతా వచ్చి దండ వేసింది. పుంగనూరులో బస్సు ఆగితే అత్తగారివైపు వాళ్లు కిటికీలోంచి మెడ వంచమని ఇంకో దండ వేశారు. కుప్పంలో రైలెక్కేచోట తోటి వ్యాపారులు మరొకటి వేశారు. ఇంట్లోంచి కదిలేముందు భార్య జహీరా అతని కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన రూపాయి బిళ్ల అది. దారిలో మనిషిని కాపాడుతుంది. క్షేమంగా చేరినచోట విప్పి, పేదవాడికి ఇచ్చెయ్యాలి.

మద్రాసు హార్బరులో ఒడ్డుకూ ఓడకూ మధ్య చెక్కవంతెన వేసి ఉంది. దాని సందుల్లోంచి నల్లటి నీళ్లు కదులుతూ కనిపించాయి. బావిలో జల పడితే పండగ చేసుకునే ఊరివాడు ఘని. అన్ని నీళ్లు ఒక్కచోట ఎందుకున్నాయో అతనికి అర్థం కాలేదు. భయమని కూడా అనిపించలేదు. కాళ్లు తనవి కావనీ, ఎవరో కాసేపు చూసుకొమ్మని అప్పగించిపోయారనీ అనిపించింది. ఓడ కూత వేసి వెళ్లిపోయింది.

మూడు దండలు వేయించుకున్న మెడతో అట్లే వెనక్కి రావడానికి ముఖం చెల్లలేదు. ఓడ తిరిగొచ్చేదాకా లాడ్జిలో పడుకున్నాడు. వచ్చేముందు ఎందుకు కొన్నాడో కానీ, బీచిలో గంపెడు గవ్వలు కొన్నాడు. ఆ గవ్వలే కొంప ముంచాయి.

"వచ్చినాడప్పా దీవుల దొర!" ఎల్లప్ప టీ పొంగిపోతున్నా పట్టించుకోకుండా అరిచాడు. జహీరా పంచిన గవ్వ ఒకటి అప్పటికే అతని గల్లాపెట్టె మీద ఉంది. "నీళ్లు నీలంగా ఉంటాయంటారే, నిజమేనా ఘని భాయ్?"

ఘని నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ అడిగింది నీళ్ల రంగు గురించి.

"నీలమే," అన్నాడు. అది అబద్ధం కాదు. మద్రాసులోనూ పగలు నీలంగానే ఉన్నాయి. ఆ మాటతోనే టీ అయిపోయింది.

మరునాడు ప్రశ్న పెరిగింది. "సూడాల్సినవి ఏమేముండాయి ఆడ?"

ఘనికి తెలిసిన లోకం చిన్నది. ఉన్నదాంట్లోంచే తీసి పెట్టాడు. హార్స్లీ కొండను ఎత్తి సముద్రం మధ్యలో దించాడు. అడవిలోకి పుంగనూరు ఆవులంత జింకలను తోలాడు. అడుగున అద్దం వేసిన పడవ ఎక్కితే చేపలు పట్టుచీరల అంగడి పరిచినట్టుంటాయన్నాడు. "కొండమీద ఒక బండ ఉండాది. దానిమీద నిలబడి పొద్దు పుట్టేదీ సూడొచ్చు, తల తిప్పి కుంగేదీ సూడొచ్చు."

"ఒకే దినమా?" ఎల్లప్ప నోరెళ్లబెట్టాడు.

"ఒకే దినం."

తమ వీధిలోనూ అంతేనని ఎవరికీ తోచలేదు.

సాయంత్రాలు అంగడి ముందు బెంచీలు చాలకుండా పోయాయి. దండలు వేసిన పుంగనూరువాళ్లూ కుప్పంవాళ్లూ కూడా కథ వినడానికి వచ్చేవాళ్లు. సుబ్రమణ్యం అయివారు రోజూ వచ్చేవాడు. హైస్కూల్లో ఏళ్ల తరబడి బెత్తంతో మ్యాపు మీద సముద్రాలు చూపించిన మనిషి, నిజం సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు. ఒకరోజు అతను ఘని చేయి పట్టుకున్నాడు.

"నన్ను పిల్చుకొని పోప్పా ఘనీ. రిటైరయ్యేలోపల ఆ బండమీద నిలబడాల."

"ఐవారు వస్తే నేనూ వస్తా," అన్నాడు ఎల్లప్ప. "అంగడి నా తమ్ముడు సూసుకుంటాడు."

"పోదాం, దానికేముండాది," అంది ఘని నోరు. అది చాలా రోజులుగా అతన్ని అడగడం మానేసింది.

ఆ ఎండాకాలమంతా ఘని పొడుగుచేతుల చొక్కా విప్పలేదు. లోపల ఇమామ్ జామిన్ కట్టినట్టే ఉంది. దాన్ని ఏ ఫకీరుకో ఇచ్చేస్తే పీడ పోయేది. కానీ చేరకుండా చేరినట్టు ఇవ్వడానికి చేయి రాలేదు. మనుషులతో ఎంత సులువుగా అబద్ధమాడాడో ఆ బిళ్లతో అంత కష్టమైంది. తనలో ఇంకా ఒడ్డున నిలబడి ఉన్న మనిషిని అదొక్కటే ఎరుగును అనుకునేవాడు.

బయల్దేరే పొద్దున అతను అలవాటు ప్రకారం ఇమామ్ జామిన్ కట్టించుకోడానికి జహీరా ముందు చేయి చాపాడు. జహీరా ఇంట్లో ఉర్దూ మాట్లాడేది. ఖండితమైన మాటైతే తెలుగులోకి దిగేది.

"పాతది అట్లే ఉండాది కదా, కొత్తది యాల?"

ఘని చాపిన చేయి అట్లే ఉండిపోయింది. "ఎప్పుడు తెలిసె?"

"మీరొచ్చిన దినమే. ఉతకనీకి చొక్కా అడిగితే ఇచ్చినారా?"

"మరి అడగలేదే!"

"మీ కతలు వాకిట్లో నిలబడి ఇంటాంటి. బాగా చెప్తాంటిరి." ఆమె బుర్ఖా తీసుకుంది. "పదండి. నేనూ వస్తాండాను. నాకూ టికెట్టు చెప్పమని ఐవారితో అంటి."

"జహీరా, ఆడ ఆ బండ లేదు."

"తెలుసు. ఏముంటే అదే సూస్తాం."

హార్బరులో అదే చెక్కవంతెన, అవే నీళ్లు. అయివారు వంతెన దాకా వచ్చి ఆగాడు. "మ్యాపులో ఇది ఇంత లేదే," అని గొణిగి ట్రంకుపెట్టె మీద కూలబడ్డాడు. లేపబోయిన ఎల్లప్ప కూడా సందుల్లోంచి కిందికి చూశాడు.

"ఐవారిని ఒంటిగా ఇడిస్తే పాపం భాయ్," అన్నాడు ట్రంకుపెట్టె అంచు పట్టుకుంటూ. "నేను తోడుంటా. మీరు పోండి."

ఆ కాళ్లను ఘని గుర్తుపట్టాడు. దగ్గర్లో ఒక లాడ్జి పేరు చెప్పాడు. ఆడ సాంబారు బాగుంటుందని కూడా చెప్పాడు. నీకెట్లా తెలుసని వాళ్లిద్దరూ అడగలేదు. తర్వాత జహీరా అతని చేయి పట్టుకుంది. ఘని నీళ్లను చూడలేదు. ముందు నడుస్తున్న ఆమె చెప్పుల మడమలనే చూస్తూ, ఒక్కో అడుగూ తనదేనని నమ్ముకుంటూ ఎక్కాడు.

ఓడలో ఉన్నన్నాళ్లూ వాంతులు. దీవిలో విడవని వాన. జింకలు రాలేదు, అద్దం పడవ కట్టేసి ఉంది. ఒక మధ్యాహ్నం మాత్రం వాన తెరిపిచ్చింది. ఇద్దరూ ఒడ్డున తడి దుంగ మీద కూర్చున్నారు. ముందున్న నీళ్లకు ఏ రంగూ లేదు. ఇన్నాళ్లూ తను చెప్పిన మాటలేవీ ఆ నీళ్లకు అక్కర్లేదని ఘనికి తెలిసింది, విచిత్రంగా హాయనిపించింది. జహీరా అతని చొక్కా చేయి పైకి మడిచి ముడి విప్పింది. రేవు దగ్గర ఒక ముసలివాడికి రూపాయి ఇచ్చారు.

ఓడ దిగి, మద్రాసులో సేటును చూసి వాళ్లు మదనపల్లెకు వచ్చేసరికి, ముందే ఊరు చేరిన ఎల్లప్ప అంగట్లో కొత్త గవ్వల గంప ఉంది. బెంచీ మీద అయివారు నిలబడి చెబుతున్నాడు. ఆయన బెత్తం గాల్లో బండను చూపిస్తోంది.

"ఇట్ల తిరిగితే పుట్టేది, అట్ల తిరిగితే కుంగేది!"

"ఆడ వానప్పా..." అన్నాడు ఘని.

"నువ్వు ఊరుకో భాయ్," అన్నాడు ఎల్లప్ప అతని కళ్లలోకి చూడకుండా. టీలో మాత్రం పాలు ఎక్కువ పోశాడు. "మొదటి తూరి బాగా సూసినావు. ఈ తూరి సరిగ్గా సూడలేదు."

బెంచీ మీదివాళ్లు అవునన్నట్టు తలలూపారు. ఘని కూడా ఊపాడు.

ఆ దీవులను నిజంగా చూసినవాళ్లు ఆ వీధిలో ఇద్దరే ఉన్నారు కాబట్టి, వాటి గురించి వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు.