‘సరే’ అనకూడని ఆఫీసు

మాటలు నేర్చుకోవడానికి మనిషికి లక్షల ఏళ్ళు పట్టింది. వాటిని వదిలించుకోవడానికి కుళాయిలు తయారుచేసే ఆ కంపెనీకి ఒక్క సర్క్యులర్ సరిపోయింది.

సర్క్యులర్‌కి కారణం చిన్నదే. కొనుగోళ్ళ విభాగంలో ఒకాయన ఆఫీసు గ్రూపులో ఎవరికో ‘సరే’ అని జవాబిచ్చాడు. అది చూసిన అవతలి మనిషికి ఆ పూట అన్నం సహించలేదు. (‘సరే, చూస్తా నీ సంగతి’లో మొదటి సగంలా ఉందని వాంగ్మూలం.) విచారణ జరిగి, ఒట్టి ‘సరే’లో ఆప్యాయత బొత్తిగా లోపించిందని తేలింది. అప్పటినుంచి ఆఫీసులో ‘సరే’ నిషేధం. ప్రతి సందేశానికీ ఒక ఎమోజీ బొమ్మ తగిలించాలి. బొమ్మతో సరిపోయే చోట మాటలు వాడి కంపెనీ సమయం పాడుచేయరాదు. ఇదంతా అమలు చేయడానికి ఆప్యాయతా విభాగం వెలిసింది. దానికో అధికారిణిని వేశారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు కాబట్టి పక్షపాతం ఉండదని యాజమాన్యం నమ్మకం.

పై అధికారికి చిరునవ్వు పంపవచ్చు గానీ పళ్ళు కనిపించరాదు. పళ్ళికిలించడం సమాన హోదా వాళ్ళ మధ్యే. మేనేజరు గారి జోకుకి కళ్ళనీళ్ళొచ్చే నవ్వు తప్పనిసరి. (అది జోకు కాదని తర్వాత తెలిస్తే పంపినవారిదే బాధ్యత.) ఎర్రగుండె రక్తదాన శిబిరానికి మాత్రమే. అరచెయ్యి బొమ్మ అసలు వాడకూడదు. ప్యాకింగ్ వాళ్ళు కొత్త ఫ్యాను అడిగిన రోజున ఎవరో పలకరింపుగా ఆ చెయ్యి పెట్టారు. మొండిచెయ్యి చూపిస్తారా అని వాళ్ళు సగం రోజు పని ఆపేశారు.

ఇన్ని నియమాల మధ్య ఏ గొడవా లేకుండా నెట్టుకొచ్చినవాడు డిస్పాచ్ గుమస్తా. నోట్లో నాలుక లేని మనిషి. బొమ్మల పాలనలో అదొక అర్హతే అయింది. అలాంటివాడికి శుక్రవారం మధ్యాహ్నం సెలవు కావలసి వచ్చింది.

రెండో తరగతి చదివే అతని కూతురు బడి నాటకంలో మబ్బు వేషం వేస్తోంది. ఉన్నదల్లా ఒక్క మాట: “ఇదిగో, కురుస్తున్నా!” రైతు వచ్చి బతిమాలగానే ఆ మాట అనాలి. అనగానే తెర వెనకనుంచి నీళ్ళు చల్లుతారు. ఇంట్లో సాధనకి రైతు అతనే. తలకి తువ్వాలు చుట్టుకుని, అన్నం దగ్గరా పక్క మీదా కూడా “మబ్బమ్మా, ఒక్క చినుకు!” అని బతిమాలుతున్నాడు.

“నాన్నా, నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. నువ్వు కనపడకపోతే నాకు మాట రాదు,” అంది మబ్బు.

“వస్తానే తల్లీ. ఒట్టు,” అన్నాడు.

సోమవారం పొద్దున్నే సెలవు అడుగుతూ, కింద చిరునవ్వు తగిలించి (పళ్ళు లేనిదే) మేనేజరు గారికి సందేశం పెట్టాడు. చిటికెలో జవాబొచ్చింది. రెండు చేతులూ జోడించిన దండం బొమ్మ. అంతే.

పక్క బల్ల దగ్గరి అకౌంట్సు అక్కకి ఫోను చూపించాడు.

“ఇచ్చినట్టా అక్కా, ఇవ్వనట్టా?”

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. “నీకో దండం బాబూ అంటున్నారు తమ్ముడూ.”

“అంటే వెళ్ళమనేగా?”

“వెళ్ళమనే. మళ్ళీ రమ్మని మాత్రం అందులో లేదు.”

స్టోర్ కీపర్‌కి అందులో ప్రాధేయపడటం కనిపించింది. “శుక్రవారం లోడుంది కదండీ. కాళ్ళు పట్టుకోలేక చేతులు జోడించారు.” గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన అయితే బొమ్మ చూసి టోపీ తీసేశాడు. “ఎవరు పోయారు సార్? మా గ్రూపులో ఎవరైనా పోతేనే ఇది పెడతాం.”

ఇంత తతంగం ఎందుకు, ఆయన గదికి వెళ్ళి అడిగితే పోదా అని మీకు అనిపించవచ్చు. అతనికీ అనిపించింది. (మొదటి తప్పు.) అద్దాల గది ముందు నిలబడ్డాడు. మేనేజరు గారు ఫోనులో మాట్లాడుతూనే తలెత్తి చూసి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ జోడించి అచ్చం అదే దండం పెట్టారు. నోరు తెరిచి అడుగుదామంటే సెలవులకి నోటిమాట చెల్లదని సర్క్యులర్‌లో ఉంది. ఏం చేయాలో తోచక నవ్వాడు. పళ్ళు కనిపించాయి. దానికి వేరే మెమో వచ్చింది.

చివరికి ఆప్యాయతా విభాగాన్ని ఆశ్రయించాడు. ‘తమరి దండం ఏ రకానికి చెందినది?’ అని అధికారిణి మేనేజరు గారికి సందేశం పంపింది. గడ్డం కింద వేలు పెట్టుకుని ఆలోచిస్తున్న ముఖం జవాబుగా వచ్చింది.

“ఇప్పుడు రెండు బొమ్మలయ్యాయి. రెండింటికీ కలిపి కమిటీ వెయ్యాలి,” అంది అధికారిణి.

“శుక్రవారం మా పాప నాటకం మేడమ్...”

“అయితే శుక్రవారమే కూర్చుంటాం,” అని ఆవిడ అభయమిచ్చింది.

అన్నట్టే శుక్రవారం మధ్యాహ్నం కమిటీ తలుపులు మూసుకుని కూర్చుంది. గుమస్తా బయట బెంచీ మీద కూర్చున్నాడు. బడి రెండు వీధుల అవతలే. రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్ళాడు. చెప్పకుండా పోతే ఉద్యోగం పోతుందన్న భయం రెండుసార్లూ వెనక్కి లాక్కొచ్చింది.

“వెళ్ళిపోనా అక్కా?” అని అటుగా వచ్చిన అకౌంట్సు అక్కని అడిగాడు.

“నేనైతే ఈపాటికి వెళ్ళిపోయేదాన్ని. నువ్వు మాత్రం వెళ్ళకు తమ్ముడూ, నీకు భయమెక్కువ.”

అతనికి ఏడుపొచ్చింది. తన హోదాకి ఒక్క చుక్క ఏడుపా, ధారగా కారేదా అన్నది గుర్తురాక ఆపుకున్నాడు.

సాయంత్రం తలుపులు తెరుచుకున్నాయి. దండానికి అర్థం ‘సంతోషంగా వెళ్ళిరండి’ అని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. గ్రూపు నిండా చప్పట్లు మోగాయి. ఇంటికి బయల్దేరుతున్న మేనేజరు గారు బెంచీ దగ్గర ఆగి ఆశ్చర్యపోయారు.

“ఇంకా ఇక్కడే ఉన్నావేమయ్యా? వెళ్ళమని సోమవారం నాడే చెప్పాగా!”

ఆ వెనకే ఆప్యాయతా విభాగం మరో కాగితం అందించింది. సెలవు మధ్యాహ్నం నుంచే మంజూరైంది కాబట్టి, సెలవులో ఉండి ఆఫీసు బెంచీ వాడుకున్నందుకు సంజాయిషీ ఇవ్వాలట.

ఫోనులో భార్య సందేశం ఉంది. ‘మీ ఖాళీ కుర్చీ వంకే చూస్తూ నిలబడిపోయిందండీ. మాట రాలేదు. రైతు పిల్లాడు చాలాసేపు బతిమాలి బతిమాలి, వాన పడకుండానే పంట కోసేసుకుని వెళ్ళిపోయాడు.’

గుమస్తా రోడ్డు పక్కన నిలబడి భార్య ఫోనుకే కూతురి పేరున సందేశం రాశాడు. ‘తప్పయిపోయింది తల్లీ, ఇంకోసారి తప్పకుండా వస్తా.’ దాని కింద ఒక దండం, ఒక ఏడుపు ముఖం, రక్తదానానికి కేటాయించిన గుండె కూడా పెట్టాడు.

చాలాసేపటికి కూతురి జవాబొచ్చింది. ‘సరే.’

పక్కన ఏ బొమ్మా లేదు. అందులో ఆప్యాయత లోపించిందని ఫిర్యాదు చేసుకోవడానికి ఇంట్లో అలాంటి విభాగమేదీ లేదు.