పుంజుకు బదులు రాజ్మా

ఈ కొండల్లో కోడిపుంజును ప్రేమించినవాడు సోంబరు ఒక్కడే. మిగతావాళ్లంతా పెంచారంతే. డుంబ్రిగుడ దగ్గరి ఆ ఊళ్లో వాన పడితే గొడుగు కింద పుంజు నడిచేది, పక్కన సోంబరు తడిసేవాడు.

అలాంటి ఇంటికి బావమరిది ఫల్గుణ, మరో ఇద్దరితో మర్నాడు భోజనానికి వస్తున్నానని కబురు పెట్టాడు. బావమరిది వస్తే కోడి కోయాలి. ఇంట్లో ఉన్న కోడి అదొక్కటే. సోంబరు ఆలోచించి, తిండికని ఉంచిన రాజ్మా అంతా నానబోసి, పొద్దున్నే పొయ్యి మీద పెట్టాడు.

"కోడేది బావా?" అన్నాడు ఫల్గుణ పళ్లెంలోకి చూసి.

"ఇదే. బలం రెండింటికీ ఒకటే. ఆస్పత్రి గోడ మీద అట్ట కట్టారు, ఎల్లి సూసుకో. వంద గ్రాములకి ఇరవై పైనే పోటీన్లు!"

ఫల్గుణకు గోడ మీది రాతలంటే గౌరవం. తలూపి ముద్ద కలిపాడు. అంతటితో పోయేదే. కానీ సోంబరు కూతురు రత్న నర్సింగు చదువుతోంది.

"అది ఎండు గింజల లెక్క నాన్నా," అంది మంచినీళ్లు పెడుతూ. "ఉడికితే నీరు పీల్సుకుంటాది. కూరలో మూడో వంతే మిగుల్తాది."

"నీకెవులు సెప్పమన్నారే గుంటా!"

"మరేటి, మూడింతలు ఎయ్యి బావా," అన్నాడు ఫల్గుణ హాయిగా. "నేను కోడైతే అరకేజీ తింతాను. ఇది కేజిన్నర ఎయ్యి."

కుండ ఖాళీ అయింది. పుంజు కోసం సోంబరు వెనకాడలేదు. పొయ్యి పైన పొగకు వేలాడదీసిన బుట్ట దించి, విత్తనాల రాజ్మా కుండలో పోశాడు. నానని గింజలు ఉడికేసరికి పొద్దు వాలింది. ఈలోగా మధ్యాహ్నం తిన్నది అరిగిపోవడంతో, చుట్టాలు లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.

దుక్కి చూసి ఇంటికొచ్చిన సోంబరు భార్య సోని, ఖాళీ బుట్ట బోర్లించి చూసింది.

"ఇత్తనాలేవయ్యా? ఎల్లుండి ఏటి నాటుతావు, దాని ఈకలా?"

ఫల్గుణే చెయ్యి కడుక్కుని గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో ఇత్తనం ఉందక్కా. ఇత్తాను. బావ ఉత్తినే తీసుకునే మనిషి కాడు గదా..." అని పుంజు ఉన్న గంప వైపు చూశాడు.

ఆదివారం ఫల్గుణ ఇంట్లో కోడికూరతో విందు. సోంబరు కన్నీళ్లు పెట్టుకుంటూ తిన్నాడు, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. ఈ మొత్తం కథలో కన్నీళ్లొక్కటే కల్పన.