గణపతిరావు అంటించిన పిలుపు

ఆ ఉదయం గణపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిగంటల్లోపు ఇరవై గడపలు తిరిగి, మర్నాడు తెరవబోయే తన కాఫీ హోటలుకి తను రాసిన కాయితాలిచ్చి జనాన్ని పిలిచి, ఇంటికొచ్చి చద్దన్నం తినాలి. ఇందులో చెడిపోవడానికేముందండీ అంటారా? ఉంది. మొన్నటిదాకా, అంటే ఇరవయ్యారేళ్ళపాటు, ఆయన కోర్టు బంట్రోతు. చోడవరం చుట్టుపక్కల ఆయన సమను పట్టుకుని తట్టని తలుపు లేదు.

యాభై రెండో ఏట ఆ ఉద్యోగం మానేసి హోటలు పెట్టడానికి కారణం ఒక్కటే. తనను చూసి పారిపోకుండా, తనంతట తనే ఎదురొచ్చే మనిషిని చచ్చేలోగా ఒక్కణ్ణయినా చూడాలని ఆయన కోరిక. భార్య రాజ్యం మినప్పప్పు నానబోస్తూ ఒకటే మాట అంది.

"రేపు జనం వచ్చి ఈ ఇడ్లీలు తిన్నారా, సరే. లేదంటే ఎల్లుండి మీరు మల్లీ కోర్టుకే పోయి, ఉద్యోగం ఇమ్మని కాళ్ళు పట్టుకోవాల."

మొదట వెళ్ళింది పరదేశి దగ్గరికి. అతను గానుగ పక్కన పెనంలో బెల్లం వండుతున్నాడు. దూరాన ఖాకీ కోటు, చేతిలో కాయితం కనిపించగానే తెడ్డు పాకంలో వదిలేసి చెరుకుతోటలోకి దూకాడు. గణపతిరావుకి ఆ కోటు తప్ప ఇంకో కోటు లేదు మరి.

"ఆయన ఊళ్ళో లేడు బాబూ, రావికమతం ఎల్లేడు," అంది పరదేశి భార్య చిన్నమ్మి. ఆమె వెనకాల చెరుకు ఊగుతోంది.

"ఉద్యోగం మానేసేనే చిన్నమ్మీ. ఇడ్లీలు తినడానికి పిలస్తన్నాను."

"పోయినేడు గూడా మా మావ ఉత్తరం రాసేడని నవ్వుకుంటా ఇచ్చేరు. తీరా సూస్తే దావా. కాయితం మేం ముట్టుకోం బాబూ."

అది నిజమే. ఈలోగా పెనంలో పాకం మాడింది. పొగ, పొగ పక్కన ఖాకీ కోటు చూసిన పొరుగు రైతు బంగార్రాజు, "పరదేశి సరుకు జప్తు సేసేస్తన్నారొరే," అని కేకేసి తన గేదెను రోలుగుంట దారి పట్టించాడు. గేదె పరుగు చూసినవాళ్ళు ఇత్తడి బిందెలు గడ్డివాముల్లో దాచారు. బిందెలు దాచడం చూసినవాళ్ళు తామే దాక్కున్నారు. గణపతిరావు వీధిలోకి వచ్చేసరికి ఇళ్ళన్నీ లోపల గడియలు పెట్టి ఉన్నాయి.

అక్కడితో ఊరుకుని ఇంటికి పోతే బాగుండేది. కానీ మనిషి దొరక్కపోతే కాయితం తలుపుకి అంటించి, సాక్షి చేత వేలిముద్ర వేయించడం ఆయన చేతులకు పట్టిన అలవాటు. సంచిలో గంజి ముంత కూడా ఉంది, ఖర్మ. ఇరవై తలుపులకీ అంటించేశాడు. సాక్షికి గాజులమ్ముకునే నూకరత్నం తప్ప ఎవరూ దొరకలేదు.

"దేనికి బాబూ యేలిముద్ర?"

"ఇడ్లీకి."

ఆవిడ ముద్ర వేసి, గాజుల మలారం భుజానేసుకుని, వెనక్కి చూడకుండా కె.కోటపాడు వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి పరదేశి తోటలోంచి బయటపడి ప్లీడరు సత్యారావుగారిని వెంటబెట్టుకొచ్చాడు. ముట్టుకుంటే కాయితం తీసుకున్నట్టేనని, ముట్టకుండా చదవమన్నాడు. అప్పటికే గంజికి ఆశపడిన మేకలు వీధి పొడుగునా కాయితాల్లో ఇడ్లీల మాటున్న కింది సగం తినేశాయి. మిగిలింది సత్యారావుగారు పైకి చదివారు. "రేపు ఉదయం ఏడు గంటలకు అనకాపల్లి రోడ్డులోని గణపతిరావు పాకయందు మీరు స్వయముగా హాజరు కావలసినది." పాపం, గణపతిరావుకి ఇంకో రకంగా పిలవడం రాదు.

"ఆయన ఉద్యోగం మానేసేడని విన్నానే," అన్నారు ప్లీడరుగారు.

"అదీ ఎత్తే అయ్యుంటాది బాబూ. పాకలో కోర్టేటి?"

"కేంపు అయ్యుంటుంది. ఈమధ్య ఆఫీసర్లందరూ కేంపులు పెడతన్నారు గదా."

"ఎల్లకపోతే?"

"ఎక్స్‌పార్టీ."

ఆ మాటకి అర్థం తెలిసినవాళ్ళు ఆ వీధిలో లేరు. భయపడనివాళ్ళూ లేరు.

మర్నాడు ఏడు కావస్తుండగా గణపతిరావు ఖాళీ బెంచీల మధ్య కూర్చున్నాడు. రాజ్యం ఖాకీ కోటు దులిపి ఆయనకెదురుగా మేకుకి తగిలించింది. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. అంతలో రోడ్డు మీద దుమ్ము లేచింది. ముందు పరదేశి, వెనక ఇరవై కుటుంబాలు పిల్లాజెల్లాతో, దస్తావేజుల మూటలతో, రోలుగుంట నుంచి తిరిగొచ్చిన గేదెతో సహా వచ్చేశాయి. అందరి వెనకా నల్లకోటులో సత్యారావుగారు.

"కూర్చోండి," అన్నాడు గణపతిరావు బెంచీలు చూపించి.

కూర్చున్నారు. రాజ్యం ఆకులు పరిచి ఇడ్లీలు వడ్డించింది. ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏం ఒప్పుకున్నట్టవుతుందోనని అందరూ ప్లీడరుగారి వంక చూశారు. ఆయన ఒక ముక్క తుంచి, అల్లం చట్నీలో ముంచి, నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు.

"అభ్యంతరం లేదు," అన్నారు.

ఆ తరవాత రాజ్యం మూడు వాయిలు దింపినా చాలలేదు. చిన్నమ్మి రెండోసారి కాఫీ అడిగింది. బంగార్రాజు చట్నీ గిన్నె తన దగ్గరే పెట్టుకున్నాడు. తినడం అయిపోయినా ఎవరూ లేవలేదు. చివరికి పరదేశి మూతి తుడుచుకుని, లేచి, చేతులు కట్టుకుని అడిగాడు.

"మల్లీ వాయిదా ఎప్పుడు బాబూ?"

గణపతిరావు నోరు తెరిచేలోగా వంటింట్లోంచి రాజ్యం జవాబు చెప్పింది. "రేపు ఏడింటికే. దోసెలు."

ఆ వాయిదాకి ఒక్కడూ గైర్హాజరు కాలేదు.