ఐస్ పెట్టెలో పెరుగన్నం

శనివారం మధ్యాహ్నం లాస్ ఏంజెలెస్‌లో, ఒక థాయ్ గుడి పార్కింగ్ లాట్‌లో, మా కారు డిక్కీలోని ఐస్ పెట్టె అడుగున, కొబ్బరినీళ్ల సీసాల కింద, మూత బిగించి దాచిన పెరుగన్నం దొరికింది.

ఇందులో అంత కంగారేముందని అడిగేవారు అమెరికాలో తెలుగువాళ్లతో కలిసి ఎప్పుడూ ప్రయాణం చేయనివారై ఉండాలి. దేశానికి రాజ్యాంగం ఎలాగో, కాలిఫోర్నియాలోని మా డబ్లిన్ నుంచి బయలుదేరే ప్రతి వీకెండ్ ట్రిప్పుకీ నిబంధనావళి అలాగ. మా నిబంధనావళిని ట్రిప్ కమిషనర్ జాహ్నవి స్వయంగా రచించి, వాట్సాప్ పోల్ పెట్టి ఆమోదింపజేసింది. (పోల్‌లో ‘అవును’, ‘తప్పకుండా అవును’ అని రెండే ఆప్షన్లు.) మొదటి నిబంధన: థాయ్ ఆహార, సంస్కృతుల అన్వేషణ ముగిసేదాకా ఇంటి తిండి నిషేధం. గ్రాండ్ క్యాన్యన్ దాకా వెళ్లి, లోయకు వీపు పెట్టి పులిహోర తిని వచ్చిన చరిత్ర మాకుంది. రెండో నిబంధన: మొదటిదాన్ని ఉల్లంఘించినవారి పదవి రద్దు.

మాలో పదవి లేనివారు లేరు. దివాకర్‌ది రవాణా శాఖ. నాది ఫోటోల శాఖ (ఫోటో తీయని వంటకం తిన్నట్టు లెక్కలోకి రాదు). అన్నిటికన్నా పెద్ద పదవి చక్రధర్‌ది. కారం శాఖ. ఏ థాయ్ రెస్టారెంట్‌లోనైనా ఎంత స్పైసీ కావాలని అడగగానే మేమంతా చక్రధర్ వైపు తిరుగుతాం. ఎందుకంటే అతనిది గుంటూరు. అతను “థాయ్ హాట్” అంటాడు. అంటే మెనూలోని అంకెలన్నీ దాటిపోయాక, వాళ్లు సొంత మనుషుల కోసం దాచుకునే కారం. ఆ తర్వాత మేము కళ్లు తుడుచుకుంటూ తింటాం. ఇన్నేళ్లలో ఎవరూ మంచినీళ్లు అడగలేదు. ‘మైల్డ్’ అని పలికిన తెలుగువాడిని మళ్లీ ఏ పాట్‌లక్‌ విందుకైనా పిలిచినట్టు దాఖలా లేదు.

విచారణ డిక్కీ దగ్గరే మొదలైంది.

“నాది కాదు,” అన్నాడు దివాకర్. “నాదైతే పక్కన టమాట తొక్కు ఉంటుండె. తొక్కు లేకుండ పెరుగన్నం ఎవడు తింటడు?”

దివాకర్ వరంగల్ వాదనలో బలం ఉందని కమిషనర్ అంగీకరించింది.

“నేనైతే దానిమ్మ గింజలు వేస్తాను. అందరికీ తెలుసు,” అంది జాహ్నవి.

తెలుసు. ప్రతిసారీ ఏరి పక్కన పెడతాం. ఇక నాకు పెరుగు పడదన్నది ప్రజలందరికీ తెలిసిన విషయమే.

జాహ్నవి మూత తీసి, చెంచా కొసతో కదిపి చూసింది. “ఎండుమిర్చి లేదు. పచ్చిమిర్చి లేదు. అల్లం కూడా లేదు. ఉప్పొక్కటే. ఇది కారం ముట్టని మనిషి కలుపుకున్నది.”

“అన్నప్రాసన బాపతు,” అన్నాడు దివాకర్.

చక్రధర్‌ని ఎవరూ ఏమీ అడగలేదు. అతనిది గుంటూరు కదా.

“కేసు తర్వాత చూద్దాం, ముందు గుళ్లోకి పదండి,” అన్నాడు చక్రధర్ హుందాగా. కమిషనర్ కేసును పెండింగ్‌లో ఉంచి, గిన్నెను సాక్ష్యంగా చంకన పెట్టుకుంది.

చెప్పులు విడిచాం. బుద్ధుడికి దండం పెట్టాం. (దీంతో సంస్కృతి పూర్తయింది.) ఆవరణలో వరసగా తిండి అంగళ్లు. ఒక థాయ్ ఆంటీ రోట్లో పచ్చి బొప్పాయి కోరు, పల్లీలు వేసి దంచుతోంది.

“మన రోటిపచ్చడే,” అంది జాహ్నవి. ఏ దేశం వెళ్లినా మన వంటనే కనిపెట్టి రావడం అన్వేషణ పరమార్థం.

“హౌ స్పైసీ?” అంది ఆంటీ.

ముగ్గురం అలవాటుగా తిరిగాం. ఆంటీ గుప్పెడు మిరపకాయలు తీసి, రోటి మీద చెయ్యి ఆపి, నవ్వుతూ ఎదురుచూసింది.

“చెప్పన్నా,” అన్నాడు దివాకర్. “గుంటూరు ఇజ్జత్ నీ చేతుల ఉంది.”

“థాయ్...” అన్నాడు చక్రధర్. ఆగాడు. గుప్పెడు చూశాడు. రోలు చూశాడు. ఆ తర్వాత జాహ్నవి చంకలోని గిన్నెను, విమానాశ్రయంలో సొంతవాళ్లను చూసినట్టు చూశాడు.

“చక్రీ,” అంది కమిషనర్ మెల్లగా. “ఇది నీదా?”

అతను గిన్నె అందుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి సొంత చెంచా తీశాడు. రెండు ముద్దలు తిన్నాక మాట్లాడాడు.

“నాదే. ప్రతి ట్రిప్పుకీ తెస్తున్నా. మా నాన్నకి అల్సర్. గుంటూర్లో మా ఇంటి గడప మిరపకాయ దాటలేదు, చప్పిడి కూరలే తిని పెరిగాను. ఇక్కడికొచ్చిన కొత్తలో వెయిటర్ అడిగితే మీరంతా నా మొహం చూశారు. ఊరి పరువు కదాని అనేశాను. మీలో ఒక్కరైనా మంచినీళ్లు అడుగుతారేమో, ఆ వంకన నేనూ తాగొచ్చని ప్రతిసారీ చూశాను. మీరు అడగలేదు. నిజం చెప్పాలంటే, నేను జన్మలో మొదటిసారి కారం తిన్నది కాలిఫోర్నియాలో, మీతోనే.”