తప్పు తుపాకీది కాదు

ఆయుధం ఎన్నడూ తప్పు చేయదు, చేసేది మనిషే. విస్కాన్సిన్‌లోని మా ఊరి మాజీ సైనికుల సంఘానికి ఇదే మూలసూత్రం.

ఊళ్ళో ఏ మాజీ సైనికుడు పోయినా సమాధి దగ్గర మూడుసార్లు తుపాకులు పేల్చడం మా పని (గుండు ఉండదు, చప్పుడే). అందుకు రెండో ప్రపంచయుద్ధం నాటి సెమీ ఆటోమేటిక్ తుపాకులు మూడున్నాయి, మాకంటే వయసులో పెద్దవి. వాటిలో డెల్బర్ట్ టెష్ పట్టుకునేదానికి ఈమధ్య తిండి సయించడం లేదు. మొదటి తూటా పేలుతుంది. రెండోది తూటాలు పేర్చిన క్లిప్పులోంచి పైకి లేవదు, దాన్ని గొట్టంలోకి తోయాల్సిన బోల్టు దాని మీదుగా ఉత్తినే జారిపోతుంది.

డెల్బర్ట్ ఫిర్యాదు చేశాడు. అధ్యక్షుడు ఆర్విల్ క్రౌజ్ వెంటనే తూటా సరఫరా లోప నిర్ధారణ ఉపసంఘం వేశాడు (సభ్యులు: అధ్యక్ష హోదాలో ఆర్విల్, కార్యదర్శి హోదాలో ఆర్విల్, నేను). పరీక్షకు ఒక వరస ఉంది. ముందు మనిషి, తర్వాత తూటా, తర్వాత క్లిప్పు, ఆపైన గ్రీజు, మరీ తప్పనిసరైతే తుపాకీ. ఫిర్యాదుదారు స్వయంగా హాజరైతేనే పరీక్ష మొదలవుతుంది. తేదీ ఖాయం చేసేలోపే డెల్బర్ట్ గుండె ఆగి పోయాడు.

శుక్రవారం అందరం వేయించిన చేపలు తింటుంటే ఆయన భార్య లొరేన్ మా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆర్విల్, రేపు సమాధి దగ్గర మూడుసార్లూ ఆయన తుపాకీ మోగాలి. నాకింకేం వద్దు."

"మాకూ అదే ఉంది లొరేన్. కానీ ఫిర్యాదుదారు హాజరు కాలేదే!"

"హాజరేంటయ్యా? మనిషి పెట్టెలో ఉంటే!"

"కారణం సమంజసమే. గైర్హాజరు మాఫీ చేశాం."

ఆమె సంచిలోంచి ఒక స్ప్రింగు తీసి బల్ల మీద పెట్టింది. "తూటాని పైకి నెట్టేది ఇదేనట. పాతది మెత్తబడిందన్నాడు. కొత్తది తెప్పించుకున్నాడు కూడా. వేసేయండి, ఎంతసేపు?"

"స్ప్రింగంటే తుపాకీలో భాగం. తుపాకీ వంతు చివర్న. ఇలా వరస తప్పితే రేపు ప్రతివాడూ నేరుగా బాగుచేసేస్తాడు!"

"ఊళ్ళో పోయినవాళ్ళందరికీ చలిలో, వానలో నిలబడి పేల్చాడు. ఆయన దగ్గరికొచ్చేసరికి మీకు వరసలు గుర్తొచ్చాయా? సిగ్గులేదూ?"

నాకు సిగ్గే వేసింది. కానీ ఉపసంఘంలో రెండు ఓట్లు ఆర్విల్‌వి.

మర్నాడు మంచులో డెల్బర్ట్ తుపాకీని మెర్లిన్ అనే సభ్యుడు పట్టుకున్నాడు. మొదటిసారి మూడూ మోగాయి. రెండోసారి రెండే మోగాయి, మెర్లిన్ చేతిలోది టిక్కుమంది. "ఛీ, దిక్కుమాలిన స్ప్రింగు" అని గొణుగుతూ బోల్టు మళ్ళీ లాగాడు. మూడోసారీ అంతే. లొరేన్ తల వంచుకుంది.

ఆర్విల్ టోపీ తీసి శవపేటికకు నమస్కరించాడు. ఫిర్యాదుదారు హాజరైనట్టు ప్రకటించి, అక్కడికక్కడే పరీక్ష మొదలుపెట్టాడు, వరస ప్రకారం మనిషితోనే. డెల్బర్ట్ ఏమీ కాదనలేదు గనుక తప్పు ఆయనదేనని రెండు ఓట్లతో తేలింది.